సాయంత్రం దాకా ఉంచిన సీటు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పాపకు మళ్ళీ జ్వరం వచ్చి, కళ్ళు తేలేసి, చేతులు కొట్టుకునే వేళకు ఇంట్లో నేను తప్ప మెలకువగా ఇంకో మనిషి లేకపోవడం.

ఆ సంగతి ముందు చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. పోయిన వారం దాకా జరిగింది కూడా నాలుగు మాటల్లో గుర్తు చేస్తాను. అమ్మ పోయాక చెల్లెల్ని నేనే పెంచాను. నా చదువు పదో తరగతి మధ్యలో ఆగింది అందుకే. చెల్లెల్ని ఇంట్లో అందరం చెవులపిల్లి అంటాం. దాని చెవులు మామూలుగానే ఉంటాయి, కానీ ఎక్కడ చీమ చిటుక్కుమన్నా దానికి వినపడుతుంది. దానికి ఈ ఏడు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి వంతెన దాటగానే వచ్చే డిగ్రీ కాలేజీలో. రెండోది రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ రాని ఊళ్ళో, సినిమా స్కూల్లో. అక్కడ మూడేళ్ళూ సౌండు రికార్డింగు ఒక్కటే నేర్పుతారు. వందల మందిలోంచి ఓ తరగతి గది మూలకు సరిపోయేంత మందిని తీసుకుంటారట. నేను కాలేజీ కాలేజీ అని దాని చెవినిల్లు కట్టుకుని పోరాను. పోయిన వారం చివర్లో అది నా వంక చూడకుండా, "సరేలే అక్కా, కాలేజీకే వెళ్తాను" అంది. అక్కడ ఆగాం.

అక్క గెలిచిందని మీరు అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

గెలిచినదాన్ని గెలిచినట్టే ఉన్నాను ఈ వారమంతా. కాలేజీ పుస్తకాలకు అట్టలు వేశాను. సీటు కోసం వెళ్ళినప్పుడు అక్కడి బెంచీల మీద చెయ్యి పెట్టి చూశాను. ఎన్ని మోచేతులు ఆనితే కొయ్య అంత నున్నగా అవుతుందో అనుకున్నాను. డిగ్రీ ఉంటే ఎక్కడైనా బతకొచ్చు. సౌండు ఒక్కటే నేర్చుకున్నదానికి, రేపు ఆ సౌండు పని దొరక్కపోతే ఏం మిగులుతుంది? చెవులు మిగులుతాయి. ఇలా వాదించేదాన్ని నేను. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనను. కానీ దాని కింద ఇంకోటి ఉంది. కాలేజీ మూడింటికి వదిలేస్తారు. మూడున్నరకల్లా చెవులపిల్లి ఇంట్లో ఉంటుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో పాపకు ఫిట్స్ వచ్చినప్పుడు, నేను పాప పక్కనే కూర్చుని బట్టలు సర్దుతున్నాను. చెవులపిల్లి మెట్ల మీద చెప్పులు విప్పుతోంది. "అక్కా, పాప ఊపిరి మారింది" అంటూ అది పరిగెత్తుకొచ్చే దాకా నాకు తెలియలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టింది అదే. డాక్టరుకు ఫోన్ చేసింది అదే. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. కన్నతల్లిని నేను, విన్నది అది.

మా ఇంట్లో పగలు మాట్లాడటం ఉండదు. మా ఆయన పని శీతల గిడ్డంగిలో చల్లబరిచే యంత్రాలు చూడటం, రాత్రిళ్ళు. తెల్లవారి వచ్చి పడుకుంటే మళ్ళీ పొద్దు వాలాకే లేవడం. ఆయన నిద్ర పాడైతే, అక్కడ ఆ చలిలో కునుకు తీసి ఏ బండి కిందో పడతారని నా బెంగ. అందుకని తలుపు బందులకు నూనె పోస్తాను. గరిటెలు గుడ్డ మీద పెడతాను. కాలింగు బెల్లు తీగ ఎప్పుడో పీకేశాను. నా ఫోను తువ్వాల్లో చుట్టి ఉంటుంది. పాప కూడా మొదట నేర్చింది గుసగుసే. దానికి గొంతు లేదేమోనని డాక్టరు కూడా అనుమానపడ్డాడు, దాని చెవి చూడబోతే అరిచిన అరుపుకు ఆయన కుర్చీలోంచి లేచే దాకా.

ఇవాళ మధ్యాహ్నం తువ్వాలు వణికింది. చెవులపిల్లి కాలేజీలో కార్డు తెచ్చుకోవడానికి వెళ్ళింది. తెలియని నంబరు.

"సినిమా స్కూలు నుంచి మాట్లాడుతున్నానండీ. సౌండు టీచర్ని. మీరు అక్కగారేనా?"

"నేనేనండీ."

"మీరేమిటి, అలా గుసగుసగా మాట్లాడుతున్నారు?"

"మా ఆయన పడుకున్నారండీ."

"పట్టపగలు కదండీ."

"ఆయనకిది రాత్రండీ."

ఆవిడ నవ్వలేదు. "మీ చెల్లెలు రానని రాసింది. కారణం రాయలేదు. సాయంత్రం ఆరు దాకా ఆ సీటు ఉంచుతాను, తర్వాత వెనకున్నవాళ్ళకు ఇచ్చేయాలి. అందుకే ఫోన్ చేశాను. ఇంకో మాట కూడా అడగాలి, ఏమీ అనుకోకండి. ఆ రికార్డింగులో ఉన్నావిడ బావున్నారా?" అంది.

"ఏ రికార్డింగండీ?"

ఆవిడ మెల్లగా, "ఆ గొంతు మీదేనండీ" అంది.

సీటు అడిగిన ప్రతివాళ్ళూ ఇంట్లో ఒక గదిని రికార్డు చేసి పంపాలట. ఎవరినీ మాట్లాడించకూడదు, పాట పెట్టకూడదు. గది గదిలా వినపడాలి. చెవులపిల్లి మా వంటగదిని పంపింది. అందరూ పంపినవి వర్షాలూ గడియారాలూనట. ఈ ఒక్కటి విన్నాక ముగ్గురు టీచర్లూ టీకి వెళ్ళకుండా కూర్చుండిపోయారట. ఆవిడ పొగుడుతోందని తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఎవరో నా అల్మరా తెరిచి చూసినట్టు ఉంది.

చెవులపిల్లి రికార్డరు ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు. తీసి చెవులకు తగిలించుకున్నాను.

మొదట ఫ్రిజ్జు మోత, రికార్డరు దాని మీదే పెట్టినంత దగ్గరగా. కుళాయి చుక్క. గుడ్డ మీద పెట్టిన గరిటె చేసే మెత్తని శబ్దం. అంత మెత్తగా పెడతానని నాకే తెలియదు. పాప నిద్రలో చప్పరించడం. తర్వాత నా గొంతు.

"ఇప్పుడేం చేద్దాం?"

"బట్టలు మడత పెడదాం."

"పెట్టాక?"

"పాప లేస్తుంది."

"లేవకపోతే?"

"ఈలోపు అది వచ్చేస్తుందిగా."

"రాకపోతే?"

"వస్తుందిలే. రాకుండా ఎక్కడికి పోతుంది."

రెండు గొంతులూ నావే. ఒకటి అడిగే గొంతు, ఒకటి సముదాయించే గొంతు. మధ్యలో ఎవరో నిజంగా జవాబు వెతుక్కుంటున్నట్టు ఆగడం కూడా ఉంది. అలా మాట్లాడుతున్నానని నాకు తెలియదు. ఒట్టు. పాటలు పాడుకునేవాళ్ళుంటారు, తిట్టుకునేవాళ్ళుంటారు. నేను ఇద్దరినై కూర్చుని చెవులపిల్లి కోసం ఎదురుచూస్తున్నాను. పక్కగదిలో ఆయన గురక కూడా సన్నగా పడింది అందులో.

అప్పుడు తట్టింది నాకు. అది కాలేజీకి ఒప్పుకున్నది నా వాదన విని కాదు. దీన్ని విని.

చెవులపిల్లి మెడలో కాలేజీ కార్డు వేలాడేసుకుని వచ్చింది. కార్డు మీద ఫొటోలో అది ఎవరికో దండం పెట్టబోతున్నట్టుంది. నేను పాపను చంకనేసుకుని, దాని చెయ్యి పట్టుకుని బాత్రూంలోకి లాక్కెళ్ళాను. మా ఇంట్లో గొడవలన్నీ అక్కడే. కుళాయి పూర్తిగా తిప్పి, ఆ హోరు చాటున గుసగుసగా తిట్టుకుంటాం. పాపను బకెట్టులో కూర్చోబెట్టాను. దానికి మా గొడవలంటే మహా ఇష్టం, నీళ్ళు దొరుకుతాయని.

"ఫ్రిజ్జు మీద ఏం పెట్టావు?" అన్నాను.

అది నా మొహం చూసి, చూపు దించుకుంది. "విన్నావా?"

"నా మాటలు ఊరందరికీ పంపావా?"

"ఊరికి కాదు. ముగ్గురికి."

"ముగ్గురైతే తక్కువా?"

"గది కోసం పెట్టానక్కా. పెట్టేసి నేను బయటికి పోయాను. నువ్వు అలా మాట్లాడతావని నాకేం తెలుసు? వచ్చాక విన్నాను."

"విన్నాక ఆ ముక్క తీసేయొచ్చుగా."

"తీసేస్తే అందులో ఫ్రిజ్జు తప్ప ఏముంది?"

ఒక్కటిద్దామనుకున్నాను. పాప మా ఇద్దరి మీదా నీళ్ళు చిమ్మింది.

"అంటే నా ఏడుపు పెట్టి సీటు తెచ్చుకున్నావు."

"నువ్వు ఏడవలేదు. ఏడ్చినా బావుండేది."

"సరే. సీటొచ్చింది కదా, మరి పోవేం? కాలేజీకి ఎందుకు ఒప్పుకున్నావు?"

"కాలేజీ బావుంది."

"ఏం బావుంది?"

"దగ్గర."

"ఇంకా?"

"మూడింటికి వచ్చేయొచ్చు."

"చదువు సంగతి అడుగుతున్నాను."

"చదువు ఎక్కడైనా చదువేనని నువ్వేగా అన్నావు. ఇప్పుడు నేను కూడా అదే అంటే నీకు నచ్చట్లేదు."

"కాలేజీకి వెళ్ళొచ్చావు కదా. అక్కడ నీకు ఏం వినపడిందో చెప్పు."

అది ఆలోచించింది. దీనికి అబద్ధం చెప్పడం రాదు, చెవుల విషయంలో అసలే రాదు. "గంట" అంది. "ఇంకేం వినపడలేదు."

"మరి ఇంటర్వ్యూకి ఆ సినిమా స్కూలుకు వెళ్ళినప్పుడు?"

దాని మొహం మారింది. "అక్కడ ఒక గదుందక్కా. గోడలకంతా దూదిలాంటిది. లోపలికెళ్ళి తలుపేస్తే మన రక్తం తిరగడం వినపడుతుంది. ఆ టీచరు నన్ను లోపల నిలబెట్టి, భయమేసిందా అని అడిగింది. నాకు భయం వెయ్యలేదు. మనిల్లు గుర్తొచ్చింది." అని ఆగింది. "వద్దులే. వెళ్ళను."

"నా మీద జాలిపడి ఆగిపోతావా?"

"నువ్వు నాకోసం బడి మానేశావు. నేను నీకోసం ఒక స్కూలు మానేస్తే తప్పొచ్చిందా?"

"తప్పే."

"ఎందుకు?"

"నువ్వు కూడా మానేస్తే, నేను మానేసింది దండగ."

"అయితే పాపకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? బావ ఉండడు. ఉన్నా లేవడు. నీకు ఒక్క మనిషి తెలీదు ఈ వీధిలో. నువ్వు ఒక్కదానివే కూర్చుని, నీతో నువ్వే మాట్లాడుకుంటున్నావక్కా, పక్కగదిలో మనిషిని పెట్టుకుని."

చివరి మాటలకు వచ్చేసరికి కుళాయి గుటకలు మింగి ఆగిపోయింది. మా కొట్లాటకు పైనున్న ట్యాంకు ఖాళీ అయింది. హోరును నమ్ముకుని చెవులపిల్లి గొంతు పెంచుతూ వచ్చిందేమో, ఆ మాటలు నిశ్శబ్దంలో పళ్ళెం పడేసినట్టు పడ్డాయి. ఇంట్లో పగటిపూట అంత గట్టిమాట వినపడటం అదే మొదలు. పాప కూడా చిమ్మడం ఆపేసింది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. జుట్టంతా ఒక పక్కకే లేచి ఉంది.

"ట్యాంకు మొత్తం తాగేశారా ఇద్దరూ?" అన్నారు.

"లేపేశామా?" అన్నాను, మళ్ళీ గుసగుసగా.

"మీ గుసగుసలకు నాకు నిద్ర పడుతుంది. అవి ఆగితేనే మెలకువ." ఆయన చెవులపిల్లి వంక తిరిగారు. "ఎవరే మరదలా, ఒక్కతే మాట్లాడుకుంటోంది?"

అది నా వంక చూసింది. నేను పాపను తుడుస్తున్నట్టు నటించాను. అది వెళ్ళి రికార్డరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నేను వద్దనలేదు. వద్దంటే బావుండేదేమో, నాకు తెలియదు.

ఆయన వంటగది గట్టుకు ఆనుకుని విన్నారు. మొదటిసారి విన్నారు, రెండోసారి విన్నారు. నేను నేల చూస్తున్నాను. తీసేసి, తీగ చుట్టి, "ఫ్రిజ్జు కంప్రెసరు పోయేలా ఉంది, చూడాలి" అన్నారు. ఆయన పని అదే కదా, ముందు అదే వినపడి ఉంటుంది. తర్వాత ఫ్రిజ్జు తలుపు మీద చెయ్యి ఆనించి, మాకు వీపు పెట్టి అలాగే నిలబడిపోయారు.

"నన్నొకసారి లేపుండొచ్చు" అన్నారు చివరికి.

"ఏం చెప్పి లేపను? ఏం చేద్దాం అని అడగడానికా?"

"అడిగితే బట్టలు మడత పెడదాం అనేవాణ్ణి."

చెవులపిల్లి ముక్కు చీదుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గోడ మీద గడియారం ఐదు దాటింది. నాకు ధైర్యం వచ్చిందని రాస్తే అది అబద్ధం. కానీ ఆ గొంతు నా చెవుల్లో ఇంకా తిరుగుతోంది: రాకుండా ఎక్కడికి పోతుంది. మా చెల్లెల్ని నేను రోజూ ఆ మాటతో కట్టేస్తున్నాను, దానికి వినపడేలా, దాని చెవులున్న ఇంట్లో.

తువ్వాలు విప్పి ఫోను తీశాను. ఆ నంబరుకే చేశాను. గుసగుసగా మొదలుపెట్టి, గొంతు సవరించుకుని, గట్టిగా చెప్పాను.

"మా చెల్లెలు వస్తుందండీ. సీటు ఎవరికీ ఇవ్వకండి."

"నేను రాను" అని చెవులపిల్లి అంటూనే ఉంది.

"వస్తుంది" అన్నాను. "వెనక మాట్లాడేది మా చెల్లెలేనండీ. దానికి కాస్త సిగ్గు."

రేపు పొద్దున్నే అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరాలని, ఆలస్యమైతే తన చేతుల్లో లేదని టీచరు చెప్పింది. పెట్టేయబోతూ, "మరి మీరు?" అంది. సిగ్నలు పోయినట్టు పెట్టేశాను.

సాయంత్రం రైలే దిక్కు. చెవులపిల్లి బట్టలు నేను పెట్టెలో పెడుతుంటే అది తీస్తుంది, అది తీసినవి మా ఆయన మళ్ళీ పెడతారు.

"తరిమేస్తున్నావు నన్ను" అంది.

"అవును. చేతిలో కర్ర ఒక్కటే తక్కువ."

"అక్కడ నాకు నచ్చకపోతే?"

"కాలేజీ ఎక్కడికీ పోదు. వంతెన కూడా పోదు. నచ్చకపోతే వచ్చేయ్. కానీ నాకోసం మాత్రం రాకు."

"పాపకు జ్వరం వస్తే?"

"వస్తే నేనున్నాను."

ఆ మాట అన్నప్పుడు అది నా మొహం చూడలేదు, తల కాస్త పక్కకు వంచింది. అది వింటున్నప్పుడు అలాగే వంచుతుంది. నేను చప్పున వంగి పెట్టె జిప్పు లాగాను. ఏమైనా వినపడిందో లేదో నాకు తెలియదు.

గుమ్మంలో చెవులపిల్లి పాప ఛాతీకి చెవి ఆనించి విన్నది. "బానే ఉంది" అంది. తన మెడలోని కాలేజీ కార్డు తీసి నా చేతిలో పెట్టబోయి, తన జేబులో వేసుకుంది. మా ఆయన డ్యూటీకి పోతూ దాన్ని రైలెక్కించి వెళతానన్నారు. మెట్లు దిగుతున్నంతసేపూ వాళ్ళిద్దరూ మామూలు గొంతుతో మాట్లాడుకోవడం వినపడింది. తర్వాత వీధి తలుపు.

ఇల్లు ఇప్పుడు ఎంత గట్టిగా మాట్లాడుకున్నా ఎవరి నిద్రా చెడని ఇల్లు. ఏదైనా అందామని నోరు తెరిచాను. ఎవరితో అనాలో తెలియక మూసుకున్నాను. ట్యాంకు నిండుతున్న చప్పుడు వింటూ పాపకు అన్నం కలిపాను. తినలేదు. బకెట్టులో ఆడి అలసిపోయిందనుకున్నాను. భుజం మీద వేసుకుంటే దాని మెడ నా మెడకు తగిలింది.

వెచ్చగా ఉంది.

స్నానం చేయించిన వెచ్చదనం కాదది. థర్మామీటరు పెడితే పాదరసం నేను చూస్తుండగానే ఎక్కింది. డాక్టరు రాసిచ్చిన మందు కొలిచి పోశాను, సగం నా చీర మీద ఉమ్మింది, మళ్ళీ పోశాను. తడిగుడ్డ వేశాను. పాప ఊపిరి వింటున్నాను. ముక్కుతో పీలుస్తోంది, నోటితో వదులుతోంది. ఇది మారితే నాకు తెలుస్తుందా? మారిన తర్వాత తెలిస్తే ఏం లాభం?

మా ఆయన్ని గిడ్డంగిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఇంకో రెండు గంటలు చూసి, తగ్గకపోతే తీసుకురమ్మన్నాడు. కింది ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆవిడ తలుపు కింద లైటు కనిపిస్తోంది. ఇన్నాళ్ళలో నేను ఆవిడతో ఒక్క మాట మాట్లాడి ఎరగను. పాపను ఎత్తుకుని మెట్లు దిగి ఆ తలుపు ముందు నిలబడ్డాను. ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. అయినా తడతాను.

మిమ్మల్ని అడిగేది ఇంకొకటి ఉంది. చెవులపిల్లి ఇప్పటికి రైల్లో ఉంటుంది. క్షేమంగా ఎక్కావా, కూర్చోడానికి చోటు దొరికిందా, ఏడుస్తున్నావా అని ఫోన్ చేసి అడగాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. చెయ్యలేను. నేను ఎంత బాగా మాట్లాడినా, పాప ఒళ్ళు కాలుతోందని అది నా గొంతులో పట్టేస్తుంది. పట్టిందంటే వచ్చే స్టేషన్లో దిగిపోతుంది. దిగితే మళ్ళీ ఎక్కదు.

అందుకని మీలో ఆ సినిమా స్కూలు ఉన్న ఊళ్ళో ఎవరైనా ఉంటే, పొద్దున రైలు వచ్చే వేళకు ఒకసారి అటు వెళ్ళండి. పంతొమ్మిదేళ్ళ పిల్ల, సన్నగా ఉంటుంది, పెట్టె ఎడమ చేత్తో మోస్తుంది. చెవులపిల్లీ అని పిలవకండి, కంగారు పడుతుంది. దారి అడిగినట్టో, టైము అడిగినట్టో పలకరించి, ఎలా ఉందో చూడండి. నేను పంపానని మాత్రం చెప్పకండి. ఆ స్కూలు గేటు లోపలికి వెళ్ళే దాకా, దయచేసి, దాన్ని ఒక కంట కనిపెట్టి ఉండండి.